బరంపురం పాత వీధిలో ఒక గిడ్డంగి మేడ

నేను పట్టుచీరల అంచులకు, కొంగులకు డిజైన్లు గీస్తాను. మా ఊరు ఇచ్ఛాపురం. పనంతా ఒడిశాలోని బరంపురంలో, మగ్గాలున్న పాత వీధుల్లో. రెండు ఊళ్ళకీ మధ్య దూరం సుమారు పాతిక కిలోమీటర్లే కాబట్టి చాలాకాలం బస్సులోనో రైల్లోనో వచ్చిపోతూ చేశాను. కానీ ఈ పనికి చోటు కావాలి. కొంగు డిజైన్‌ను గ్రాఫ్ కాగితాల మీద గీసి, వాటిని అతికించి, నేలమీద పరిచి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసుకుంటేగానీ తప్పెక్కడుందో తెలియదు. రంగులు సరిచూసుకోవడానికి ఉత్తరం వైపు నుంచి వచ్చే వెలుతురు కావాలి. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర పట్టునూలు పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు కనిపిస్తుంది. ఉత్తరపు వెలుతురులో ఆ మార్పు చాలా తక్కువ.

అందుకని బరంపురంలోనే అద్దె ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. మావాళ్ళంతా కొత్త కాలనీల్లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూసుకోమన్నారు. చూశాను. లిఫ్టు ఉంది, పార్కింగ్ ఉంది, అన్నీ ఉన్నాయి. నేల మాత్రం గదులుగా ముక్కలైపోయి ఉంది. మంచం, బీరువా వేశాక నా పదడుగుల బల్ల ఏ గదిలోనూ పట్టదు.

చివరికి నాకు దొరికింది పాత బరంపురంలో, ఖాస్పా వీధి దగ్గరి ఒక సందులో ఉన్న గిడ్డంగి మేడ. కింద ఇల్లుగలావిడ ఉంటారు, పైన ఒకప్పుడు పట్టునూలు, బట్టల బేళ్ళు దాచేవారు. నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు, మధ్యలో ఒక్క గోడ కూడా లేని గది. పైకప్పు రెండు వాలులూ కలిసే నడికొప్పు దగ్గర పద్దెనిమిది అడుగుల ఎత్తు, చూరు వైపు పది. ఒక చివర గదిలో మూడోవంతు మేర చెక్క అటక, దానికి నిటారుగా ఉండే చెక్క మెట్లు. వీధి వైపు గోడలో మనిషి ఎత్తు తలుపు ఒకటి గాల్లోకి తెరుచుకుంటుంది. దాని పైన బయటికి పొడుచుకొచ్చిన దూలానికి ఇనప కప్పీ. బేళ్ళను తాడుతో పైకి లాగడానికి పెట్టుకున్నది అది. లోపలి మెట్లు ఇరుకు కాబట్టి నా బల్లనీ, మంచాన్నీ, బీరువానీ కూడా దాంతోనే లాగాం. వీధిలో సగంమంది తలా ఒక చెయ్యి వేశారు.

భువనేశ్వర్‌లోనో హైదరాబాద్‌లోనో ఇలాంటిదాన్ని లాఫ్ట్ స్టైల్ అపార్ట్‌మెంట్ అని అద్దెకిస్తారు. ఆ పద్ధతి న్యూయార్క్‌లోని సోహో ప్రాంతం నుంచి ప్రపంచానికి పాకింది. అక్కడ పోత ఇనుముతో కట్టిన పాత ఫ్యాక్టరీలు, గోదాములు ఖాళీ అయితే, 1960లలో చిత్రకారులు, శిల్పులు తక్కువ అద్దెకు ఆ పై అంతస్తుల్లో చేరారు. అప్పటి నిబంధనల ప్రకారం అక్కడ పనిచేసుకోవచ్చుగానీ కాపురం ఉండకూడదు. చాలామంది చాటుగా ఉండేవారు. 1971లో కళాకారులు అక్కడే ఉండి పనిచేసుకోవడానికి నగరం అనుమతించింది. 1973లో ఆ వీధులను చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. తర్వాత ఆ ఇళ్ళు ఫ్యాషన్ అయ్యాయి, అద్దెలు పెరిగాయి, మొదట వచ్చిన కళాకారులే చాలామంది వదిలి వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఈ చివరి ముక్క నా మనసులో ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

నాకు కావలసింది ఆ మొదట వచ్చినవాళ్ళు కోరుకున్నదే: పెద్ద నేల, ఎత్తు, వెలుతురు, భరించగలిగే అద్దె. నెలకు 9,000 రూపాయలకు ఒప్పుకున్నారు. ఇంటావిడను నేను మామ్మగారు అంటాను. మొదటిరోజు ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “ఏటమ్మా, ఆ గిడ్డంగిలో ఒక్కదానివీ ఉంటావేటి? కింద గది ఇస్తాను గదా” అన్నారు. బల్ల సంగతి, రంగుల సంగతి చెప్పాక, “ఓహో, పనికా. అయితే పైనే ఉండు” అన్నారు. మగ్గాల వీధిలో పుట్టి పెరిగిన మనిషి, వెలుతురు అవసరం గురించి ఆవిడకు రెండోసారి చెప్పాల్సిన పని లేదు.

అసలు గొడవ గోడల దగ్గర వచ్చింది.

మామ్మగారి అబ్బాయి వేరే ఊళ్ళో ఉద్యోగం. నేను అన్నయ్య అంటాను. ఆయన ఫోన్లో లాఫ్ట్ ఇళ్ళ ఫోటోలు చాలా చూపించారు. ప్రతి ఫోటోలోనూ ఎర్రటి ఇటుక గోడ. మన గోడల సున్నం కూడా గీకించేసి ఇటుక కనిపించేలా చేద్దామన్నారు. “ఫోటోల్లో బాగుంటుంది చెల్లెమ్మా, రేపు ఇంకొకరికి ఇవ్వాలన్నా మంచి అద్దె వస్తుంది” అని ఆయన లెక్క. ఒక చిన్న గోడకు అప్పటికే గీకించేశారు కూడా. చూడటానికి నిజంగా బాగుంది. కానీ పొద్దున లేచి చూస్తే గోడ కింద ఎర్రటి పొడి. తుడిస్తే మర్నాటికి మళ్ళీ పొడి.

ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, అందుకే వివరంగా రాస్తున్నాను. ఆ ఫోటోల్లోవి ఎక్కువగా ఫ్యాక్టరీలకు వాడిన గట్టి ఇటుకలు. మన పాత ఇళ్ళలోవి ఊరి బట్టీలో కాల్చిన మెత్తటి ఇటుకలు. పైన సున్నం వస్తుందన్న లెక్కతోనే వాటిని కట్టారు. వీటికి తోడు గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంది. గాలిలో ఉప్పు, గోడలో తేమ. తేమ గోడలోంచి బయటికొచ్చి ఆరేటప్పుడు అందులోని ఉప్పు అక్కడే స్ఫటికాలుగా గట్టిపడుతుంది. అలా గట్టిపడుతూ చుట్టూ ఉన్నదాన్ని పగలగొడుతుంది. గోడకు సున్నపు పూత ఉంటే ఆ దెబ్బ పూతకు తగులుతుంది, పదేళ్ళకో పాతికేళ్ళకో పూత మార్చుకుంటాం. పూత లేకపోతే ఇటుకే పొడవుతుంది. సిమెంటు పూస్తే ఇంకా ఘోరం. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు, లోపలే ఆపేస్తుంది. అది పైకి పాకుతుంది, దూలాల చివర్లు గోడలో దిగిన చోటుకి చేరుతుంది.

పాత మేస్త్రీలకు ఇదంతా తెలుసు. ఇక్కడి తీరంలో గవ్వల్నీ ఆల్చిప్పల్నీ కాల్చిన గుల్ల సున్నం వాడేవారు. ఇసుకతో కలిపి గానుగలో తొక్కించేవారు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపేవారు. అలా పూసిన సున్నం నెమ్మదిగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని తిరిగి రాయి అవుతుంది. రాయైనా కూడా దాని గుండా తేమ వచ్చిపోతుంది. మా మేడ గోడల మీద చెయ్యి వేస్తే నున్నగా, చల్లగా ఉంటుంది. ఎన్ని దశాబ్దాల కిందటి పూతో, ఒక్కచోట కూడా పెచ్చు లేవలేదు.

అన్నయ్యతో ఇదంతా మాట్లాడుతుంటే మామ్మగారు మధ్యలో వచ్చి ఒక్క మాటతో తేల్చేశారు. “సున్నవంటే గోడకి బట్టరా. దాన్ని ఇప్పేసి ఫోటోలు తీస్తావేటి?” అన్నయ్య నవ్వేసి ఒప్పుకున్నారు. గీకిన గోడకు మళ్ళీ సున్నం పూయించాం. ఆ పనికైన ఖర్చు రెండు నెలల అద్దెలోంచి తగ్గించుకున్నాను.

ఇక వేడి సంగతి. ఇల్లు చూసినవాళ్ళంతా మొదట అడిగే ప్రశ్న అదే. పెంకుటింటి పైకప్పు కింద, మే నెలలో, బరంపురం ఉక్కపోతలో ఎలా ఉంటావని. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి పద్దెనిమిది అడుగుల ఎత్తున్న గదిలో ఆ వేడి మన తలకు చాలా పైన ఉంటుంది. అయితే అది బయటికి పోవడానికి దారి ఉండాలి. నడికొప్పు కింద రెండు చివర్లా చిన్న వెంటిలేటర్లు ఉన్నాయి. ఎవరో పావురాలు రాకుండా అట్టలు పెట్టి మూసేశారు. అట్టలు తీసి జాలీ కొట్టించాం. ఆ ఒక్క పనితో గదిలో గాలి నడవడం మొదలైంది. ఫ్యానుకు మామూలు రాడ్డు సరిపోదు, ఎనిమిదడుగుల పొడవు రాడ్డు చేయించి, గాలి మనిషికి తగిలేంత కిందికి దింపాలి. ఏసీ మాట నేను ఎత్తలేదు. పది బై పన్నెండు గదిలో, పదడుగుల ఎత్తుకి, ఏసీ చల్లబరచాల్సిన గాలి 1,200 ఘనపుటడుగులు. ఇక్కడ అది 11,000 దాటుతుంది, పైగా పెంకుల సందుల్లోంచి చల్లదనమంతా పోతుంది.

అటక మీద పడక ఫోటోల్లో ఎంత ముద్దుగా ఉన్నా, మార్చి చివరికి దిగిపోవాల్సిందే. పైకి పోయిన వేడి అంతా అక్కడే ఉంటుంది. నేను చలికాలం అటక మీద పడుకుంటాను, ఎండాకాలం మంచం కింద కిటికీ పక్కకు వస్తుంది. అటక అప్పుడు కాగితాలకు, నమూనా బట్టలకు. ఇలా ఋతువును బట్టి ఇంట్లోనే చోటు మారడం నాకు ఇష్టమైన విషయాల్లో ఒకటి.

పైకప్పు మంగళూరు పెంకు. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో మంగళూరులో మొదటి ఫ్యాక్టరీ పెట్టాక ఆ పెంకులు రైళ్ళలో, ఓడల్లో ఎక్కడెక్కడికో వెళ్ళాయి. మా మేడకు నా బల్ల ఉన్న చోట ఉత్తరపు వాలులో నాలుగు గాజు పెంకులు ఉన్నాయి. ఆ వెలుతురు కోసమే ఇంకా ఎక్కువ అద్దె అడిగినా ఇచ్చేదాన్ని. పెంకులతో భయం తుపానే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. వీధి వైపు వాలు పెంకులన్నీ ఎగిరిపోయాయనీ, తెల్లారేసరికి లోపల నిలబడి ఆకాశం చూశామనీ మామ్మగారు చెప్పారు. అయినా దూలాలు చెక్కు చెదరలేదు. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మళ్ళీ కొన్ని పోయాయి. నేను చేరాక చూరు వైపు వరసల్ని, నడికొప్పు పక్క వరసల్ని రాగి తీగతో కిందనున్న బద్దలకు కట్టించాం. గాలి చూరు కిందినుంచే దూరి లేపుతుంది కాబట్టి అక్కడ కడితే చాలావరకు ఆగుతాయని పెంకులు నేసే పెద్దాయన చెప్పాడు. కొన్ని పెంకులు విడిగా తెచ్చి అటక కింద పేర్చి ఉంచాను. తుపాను వెళ్ళిన మర్నాడు ఊళ్ళో పెంకు దొరకదు.

నేల గురించి చాలామంది పట్టించుకోరు. 1936 మార్చి దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ, ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడే బరంపురం ఉన్న గంజాం జిల్లా అటు వెళ్ళింది. కాబట్టి కట్టుబడి కూడా మద్రాసు పద్ధతే: దగ్గరదగ్గరగా టేకు దూలాలు, వాటి మీద సన్నటి ఇటుకల్ని అంచుమీద నిలబెట్టి ఐమూలగా పేర్చి, సున్నంతో కూర్చి, పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి వేసి కొయ్య దిమ్మెలతో రోజుల తరబడి కొట్టి గట్టిచేసిన నేల. దూలాలు రంగం టేకు అంటారు మామ్మగారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. ఈ తీరం నుంచి అక్కడికి మనుషులు వలస వెళ్ళిన కాలం అది, అటునుంచి కలప వచ్చేది. బేళ్ళు మోయడానికి కట్టిన నేల కాబట్టి బలంగానే ఉంది. అయినా చేరేముందు నేను ఒక వడ్రంగిని తీసుకెళ్ళి దూలాల చివర్లు చూపించాను. నడుమ ఎంత బాగున్నా, గోడలో దిగిన చోట మొదట పుచ్చుతాయి. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే మంచి టేకులో మొన దిగదు, చెదపట్టినదాంట్లో బెండులో దిగినట్టు దిగిపోతుంది. ఒక దూలం చివర అలా దిగింది. మామ్మగారు కింద ఇనప బ్రాకెట్ వేయించాకే సంతకం పెట్టాను. నమూనాలు నేసుకునే చిన్న మగ్గాన్ని గది మధ్యలో పెట్టకుండా గోడ వారగా, దూలాలకు అడ్డంగా ఉంచాను. అప్పుడు బరువు ఒక్క దూలం మీద పడకుండా నాలుగైదింటి మీద పడుతుంది.

వైరింగ్ మొత్తం మార్చాల్సిందే, అందులో రాజీ లేదు. చెక్క బద్దల మీద పాకించిన పాత వైర్లకు ఎర్తింగే ఉండదు. చుట్టూ కలప, కింద పట్టు. ఎర్తింగ్ వేయించి, లీకేజీ వస్తే ఆగిపోయే బ్రేకర్ పెట్టించాం. బాత్రూమ్ పైన కట్టొద్దని నేనే అన్నాను, నీళ్ళ పైపులు ఆ సున్నపు గోడల్లో దూర్చడం నాకు ఇష్టం లేదు. కింద దొడ్లో ఉంది. అర్ధరాత్రి మెట్లు దిగడం కష్టమనుకునేవాళ్ళకు ఈ ఇల్లు పనికిరాదు.

ఒప్పందం ఒడియాలో రాశారు, మామ్మగారు తెలుగులో సంతకం పెట్టారు. ఆవిడ చిన్నప్పుడు చదివింది తెలుగు బడిలో. పదకొండు నెలలకే రాసుకున్నాం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి కాబట్టి మన దేశంలో చాలామంది పదకొండు నెలలకే రాసుకుంటారు. అడ్వాన్సు రెండు నెలలది. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టంలో కూడా నివాసాలకు రెండు నెలల అద్దెకు మించి తీసుకోకూడదనే ఉంది. అది రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది, అయినా మాట్లాడుకోవడానికి మంచి కొలత. పాత ఇంటికి ఒప్పందంలో అన్నిటికన్నా ముఖ్యం మరమ్మతులు ఎవరివన్నది. మేం విడివిడిగా రాసుకున్నాం: పైకప్పు, గోడలు, దూలాలు ఇంటివారివి, స్విచ్చులు, కుళాయిలు, జాలీలు నావి. ఏ గోడకూ సిమెంటు గానీ ప్లాస్టిక్ పెయింటు గానీ వేయకూడదు, నేనైనా వాళ్ళైనా. ఈ వాక్యం నేనే అడిగి రాయించాను.

వీధి గురించి చెప్పకపోతే ఇల్లు గురించి చెప్పినట్టు కాదు. సందులోకి ఆటో రాదు, స్కూటర్ వస్తుంది. గ్యాస్ బండ మలుపు దగ్గర దింపితే దొర్లించుకుంటూ తెస్తారు. పొద్దున్నే మగ్గాల చప్పుడు మొదలవుతుంది. పక్కింట్లో నేతలో, గుడి గోపురాల వరసలా ఉండే కుంభం అంచు ఎలా వస్తోందో అనుమానమొస్తే కాగితం పట్టుకుని వెళ్ళి నిలబడతాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బేరంలో రెండూ. రెండేళ్ళకోసారి ఊరి దేవత బుఢీ ఠాకురాణి యాత్ర వస్తే ఊరంతా ఈ పాత వీధుల్లోనే ఉంటుంది. రాత్రుళ్ళు ఘటాలు తిరుగుతాయి, వేషాలు వేసుకున్నవాళ్ళు తిరుగుతారు, నిద్ర ఉండదు. ఇచ్ఛాపురం నుంచి మా బంధువులంతా దిగుతారు. నలభై అడుగుల గదిలో చాపలు పరిస్తే ఎంతమందైనా పడుతారు.

సోహో సంగతి నన్ను వదలకపోవడానికి కారణం ఈ వీధే. పాత ఇల్లు ఖాళీగా ఉంటే పాడవుతుందని అందరూ అంటారు, నిజమే. వెంటిలేటరుకు అట్ట పెట్టి మరిచిపోతారు, పెంకు జారితే చూసేవాళ్ళుండరు, దూలంలోకి నీరు దిగుతుంది. కాబట్టి పై అంతస్తులు అద్దెకివ్వాలి. కానీ ఫోటోల కోసం వచ్చేవాళ్ళకు ఫోటోల ధరకు ఇవ్వడం మొదలైతే మగ్గం ఉన్న ఇల్లు కూడా అదే లెక్క వేసుకుంటుంది. మగ్గం ఎంత నేసినా ఆ అద్దెకు సరితూగదు. మా సందులోనే ఇంకో రెండు గిడ్డంగి మేడలు తాళం వేసి ఉన్నాయి. వాటిని నేతతో పని ఉన్నవాళ్ళకే, ఒకరు రంగులు అద్దేవాళ్ళకు, ఒకరు కుట్టేవాళ్ళకు, ఇప్పించాలని నేనూ మామ్మగారూ కలిసి ఆ ఇళ్ళవాళ్ళతో మాట్లాడుతున్నాం. ఒకాయన ఊఁ అన్నారు. పైకప్పు చూసి చెప్తానన్నారు.

వానలు పడేలోపు మా మేడకు పడమటి గోడ బయటి వైపు సున్నం పూయించాలి. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి గానుగ సున్నం పూసే మేస్త్రీ ఒక్కరే మిగిలారు మాకు తెలిసినవాళ్ళల్లో. ఆయనకు వయసైపోయింది, పరంజా ఎక్కలేరు, కింద కూర్చుని చెప్తానన్నారు. పర్లాకిమిడి వైపు గానీ, టెక్కలి వైపు గానీ ఈ పని చేతికొచ్చిన కుర్రాళ్ళెవరైనా ఉంటే నాకు చెప్పండి. కూలి, బస్సు ఛార్జీలు, మామ్మగారింట్లో భోజనం మా బాధ్యత.